డేటాబేస్ నడుస్తుండగానే బ్యాకప్.. అదెలా సాధ్యం? ఐదు దారులున్నా ఆ సంస్థ డేటా ఎందుకు పోయింది?

రాత్రి 11 గంటల 50 నిమిషాలు. పండక్కి ఊరెళ్లాలి, టికెట్ తీద్దామని ఐఆర్‌సీటీసీ తెరిస్తే బుకింగ్ అవ్వదు. మళ్లీ 12.20 దాటాల్సిందే. రోజూ రాత్రి 11.45 నుంచి 12.20 వరకు నిర్వహణ పనుల కోసం టికెట్ల బుకింగ్ ఆపడం రైలు ప్రయాణికులందరికీ తెలిసిన సంగతే. ఆ అరగంట ఎవరూ పెద్దగా గొడవ చేయరు. కాస్త ఆగి బుక్ చేసుకుంటారు.

మరి యూపీఐ సంగతేంటి? అర్ధరాత్రి రెండింటికి ఆస్పత్రిలో మందుల బిల్లు కట్టేవాళ్లుంటారు. తెల్లవారుజామున మూడింటికి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ స్కాన్ కావాలి. బ్యాంకులు ఎప్పుడో ఒకసారి ముందే మెసేజ్ పెట్టి కాసేపు ఆపుతాయేమో గానీ, రోజూ షట్టర్ దించుతామంటే జనం ఊరుకోరు. అయినా ఆ డేటాకు రోజూ నకలు తీయాల్సిందే. ఒక్కరోజు తీయకపోయినా, ఆ రోజే ఏదైనా జరిగితే కోట్ల లావాదేవీల లెక్క గల్లంతవుతుంది.

సర్వీసు ఆగకూడదు.. బ్యాకప్ ఆగకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా? వినడానికి ఇంజినీర్ల తలనొప్పిలా ఉన్నా, దీని వెనకున్న కిటుకు మన ఊళ్లో పాత కిరాణా కొట్టు గుమస్తాకు తెలిసినదే.

నడుస్తున్న పుస్తకానికి నకలు తీస్తే..

ఓ చిట్‌ఫండ్ ఆఫీసులో 500 పేజీల ఖాతా పుస్తకం ఉందనుకుందాం. ఒకరు మొదటి పేజీ నుంచి నకలు రాసుకుంటూ వెళ్తున్నారు. ఆఫీసు మాత్రం తెరిచే ఉంది. జనం వస్తున్నారు, పోతున్నారు. నకలు రాసేవాడు 20వ పేజీలోని ఖాతాను ఎక్కించుకుని ముందుకు వెళ్లాడు. అందులో 10 వేలున్నాయి. సరిగ్గా అప్పుడే ఆ 10 వేలు 400వ పేజీలోని ఖాతాకు బదిలీ అయ్యాయి. సాయంత్రానికి నకలు 400వ పేజీకి చేరింది. అక్కడా 10 వేలు కనిపించాయి. ఇంకేముంది, నకలు పుస్తకంలో అదే డబ్బు రెండుసార్లు పడింది! బదిలీ అటు నుంచి ఇటు జరిగి ఉంటే, డబ్బు రెండు చోట్లా కనిపించకుండా పోయేది.

అసలు పుస్తకంలో తప్పేమీ లేదు. నకలు రాసినవాడూ తప్పు రాయలేదు. అయినా ఆ నకలు ఏ క్షణానికి చెందిన లెక్కా కాదు. పైపేజీలు పొద్దుటివి, చివరి పేజీలు సాయంత్రానివి. డేటాబేస్ ఫైళ్లను మామూలు ఫోల్డర్ కాపీ చేసినట్టు కాపీ చేస్తే జరిగేది ఇదే.

పైగా ఇక్కడ సమయం చిన్నది కాదు. డేటాబేస్ 2 టెరాబైట్లు ఉందనుకోండి. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో కాపీ చేసినా 20 వేల సెకన్లు, అంటే దాదాపు ఐదున్నర గంటలు పడుతుంది. ఆ ఐదున్నర గంటల్లో పుస్తకంలో ఎన్ని పేజీలు తిరగబడతాయో లెక్కే లేదు.

చిట్టా, ఆవర్జా.. అసలు కిటుకు ఇక్కడే!

కామర్స్ చదివినవాళ్లకు ఈ రెండు పేర్లూ గుర్తుండే ఉంటాయి. జరిగిన లావాదేవీని జరిగిన వరసలో ముందు చిట్టాలో రాస్తారు. ఆ తర్వాత తీరిగ్గా ఆవర్జాలోని సంబంధిత ఖాతాల్లోకి ఎక్కిస్తారు. ఆవర్జా తడిసిపోయినా పర్లేదు, చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు.

ఇప్పటి డేటాబేస్‌లు దాదాపు అన్నీ ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. ఏ మార్పు జరిగినా ముందు లాగ్ ఫైల్‌లో రాసి, ఆ తర్వాతే అసలు డేటా ఫైళ్లను మారుస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని వాల్ అంటారు. రైట్ అహెడ్ లాగ్‌కు అది పొట్టి పేరు. ఒరాకిల్‌లోనూ, మై ఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీలోనూ రీడూ లాగ్ అంటారు. పేరేదైనా అది చిట్టానే.

లైవ్ బ్యాకప్ కిటుకంతా ఇదే. నకలు మొదలుపెట్టే ముందు చిట్టాలో ఓ గుర్తు పెడతారు. తర్వాత ఆవర్జాను.. అంటే డేటా ఫైళ్లను.. వ్యాపారం నడుస్తుండగానే ఉన్నదున్నట్టు కాపీ చేసేస్తారు. అందులో పొద్దుటి పేజీలు, సాయంత్రం పేజీలు కలగాపులగంగా ఉంటాయి. ఉండనీయండి. కాపీ పూర్తయ్యాక ఇంకో గుర్తు. ఈ రెండు గుర్తుల మధ్య చిట్టాలో రాసిందంతా కూడా పట్టుకెళ్తారు. రేపు డేటా వెనక్కి తేవాల్సి వస్తే ఆ అతుకుల బొంత నకలును ముందు పెట్టి, దానిపై మొదటి గుర్తు నుంచి చిట్టాను వరసగా మళ్లీ ఎక్కిస్తారు. రెండో గుర్తు దగ్గరికి వచ్చేసరికి పేజీలన్నీ ఒకే క్షణానికి వచ్చేస్తాయి. 10 వేలు ఒక్కచోటే ఉంటాయి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ బేస్‌బ్యాకప్ అనే సాధనం చేసేది ఇదే. మై ఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఎక్స్‌ట్రాబ్యాకప్ ఉంది. ఒకవైపు ఫైళ్లు కాపీ చేస్తూనే మరోవైపు రీడూ లాగ్‌ను వెంబడించి రాసుకుంటుంది. ఒరాకిల్‌లో ఆర్‌మ్యాన్ ఉంది. కాకపోతే ఒరాకిల్ డేటాబేస్‌ను ఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో నడపాలి. లేదంటే నిండిన చిట్టాపైనే మళ్లీ కొత్త లెక్కలు రాసేస్తుంది కాబట్టి, నడుస్తుండగా బ్యాకప్ కుదరదు.

ఫైళ్లు కాకుండా లోపలి డేటాను మాత్రమే బయటకు రాసే పద్ధతి ఇంకోటుంది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్, మై ఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్. మొదలుపెట్టిన క్షణంలో డేటా ఎలా కనిపించిందో, చివరి వరకూ అలాగే కనిపించేలా ఇవి ఒక ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు సింగిల్ ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ ఇస్తేనే ఇది జరుగుతుంది, అదీ ఇన్నోడీబీ టేబుళ్లకే. చిన్న డేటాబేస్‌లకు ఈ పద్ధతి హాయి. టెరాబైట్లలోకి వెళ్తే మాత్రం తీయడానికే గంటలు పడుతుంది, వెనక్కి ఎక్కించడానికి ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఇండెక్సులన్నీ మొదటి నుంచీ కట్టుకోవాలి.

చిట్టాను దాచుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. మధ్యాహ్నం 2.15కి ఎవరో పొరపాటున ఓ టేబుల్ మొత్తం తుడిచేశారనుకోండి. రాత్రి తీసిన నకలు పెట్టి, దానిపై చిట్టాను 2.14 వరకు మాత్రమే ఎక్కించి ఆపేయొచ్చు. తప్పు జరగడానికి నిమిషం ముందున్న డేటా చేతికొస్తుంది. అయితే ఓ షరతు. చిట్టాలో మధ్యలో ఒక్క పేజీ చిరిగినా, ఆ తర్వాతి పేజీలన్నీ ఉన్నా పనికిరావు. వరస తెగితే అక్కడితో కథ ఆగిపోతుంది.

క్లస్టర్ ఉంది కదా.. బ్యాకప్ ఎందుకు?

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఒకే డేటాను మూడు, నాలుగు సర్వర్లలో ఒకేసారి ఉంచి, ఒకటి పడిపోయినా మిగతావి నడిపించేలా చేసే ఏర్పాటే క్లస్టర్. ఒక సర్వర్ కాలిపోతే క్లస్టర్ కాపాడుతుంది. నిజమే. కానీ ఎవరైనా తప్పుడు కమాండ్ కొట్టి టేబుల్ తీసేస్తే? ఆ కమాండ్ కూడా అంతే నమ్మకంగా, అంతే వేగంగా మిగతా సర్వర్లన్నింటికీ వెళ్తుంది. సెకనులోపే నాలుగు చోట్లా డేటా పోతుంది. క్లస్టర్ తన పని తాను చక్కగా చేసినట్టే లెక్క!

ఇల్లు తాళానికి నాలుగు తాళంచెవులు చేయించుకోవడం వేరు, నగలు లాకర్లో పెట్టడం వేరు. రెండూ ఒకటే అనుకుంటే ఎప్పుడో ఒకరోజు ఇబ్బంది తప్పదు.

అలాగని క్లస్టర్ వల్ల బ్యాకప్‌కు లాభం లేదని కాదు. అసలు లాభం భారాన్ని పక్కకు మళ్లించగలగడం. జనం వాడుతున్న ప్రధాన సర్వర్‌ను ముట్టుకోకుండా, పక్కనున్న నకలు సర్వర్ నుంచి బ్యాకప్ తీస్తారు. అయితే దీనిలోనూ ఓ మెలిక ఉంది. ఆ నకలు సర్వర్ ప్రధాన సర్వర్‌తో సమానంగా నడుస్తోందా, వెనకబడిందా అని ముందు చూసుకోవాలి. మూడు గంటలు వెనకబడిన సర్వర్ నుంచి తీసిన బ్యాకప్ మూడు గంటల పాత బ్యాకప్పే.

గలేరా రకం క్లస్టర్లలో మరో చిక్కుంది. వీటిని మరియాడీబీ, పెర్కోనా వాడేవాళ్లు ఎక్కువగా నడుపుతుంటారు. ఇందులో సర్వర్లన్నీ అడుగులో అడుగేసి నడవాలి. ఒక్కటి వెనకబడితే అది మిగతావాటికి 'కాస్త ఆగండి' అని సంకేతం పంపుతుంది. ఎడ్లబండికి కట్టిన రెండెడ్లలో ఒకటి కుంటితే బండి మొత్తం నెమ్మదించినట్టు.. ఒక్క సర్వర్ మీద బ్యాకప్ మొదలుపెట్టగానే దాని డిస్క్ బిజీ అయి, క్లస్టర్ మొత్తం వేగం పడిపోవచ్చు. ఆపకుండా బ్యాకప్ తీస్తున్నామనుకుంటే, తెలియకుండానే అందరినీ ఆపేసినట్టవుతుంది. అందుకే ముందు ఆ సర్వర్‌ను డీసింక్ స్థితిలోకి మారుస్తారు. అంటే అది కాసేపు వెనకబడినా మిగతావాటిని ఆపదు. యూజర్ల రిక్వెస్టులు దానివైపు వెళ్లకుండా లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పిస్తారు. బ్యాకప్ అయ్యాక, అది మిగతావాటిని అందుకున్న తర్వాతే మళ్లీ వరసలో కలుపుతారు.

ఒరాకిల్ ర్యాక్ తీరు వేరు. అక్కడ డేటా ఒకేచోట ఉమ్మడి స్టోరేజీలో ఉంటుంది. దాన్ని నడిపే సర్వర్లు మాత్రం ఎక్కువ. ఒక్కో సర్వర్ తన చిట్టా తాను రాసుకుంటుంది. ఒక సర్వర్ చిట్టాను మాత్రమే దాచి, రెండోదాన్ని మర్చిపోతే ఆ బ్యాకప్‌ను చిత్తుకాగితం కిందే లెక్కేయాలి. అన్ని చిట్టాలూ ఉండాలి.

ఇక మై ఎస్‌క్యూఎల్ ఎన్‌డీబీ క్లస్టర్. మొదట టెలికాం సంస్థ ఎరిక్సన్‌లో పుట్టింది. ఫోన్ కాల్స్ ఆగకూడదు కాబట్టి, నడుస్తుండగా బ్యాకప్ తీయడం దీనిలోనే కలిపి ఇచ్చారు. మేనేజ్‌మెంట్ సర్వర్ నుంచి 'స్టార్ట్ బ్యాకప్' అని ఒక్క ఆదేశమిస్తే చాలు. డేటాను మోసే ప్రతి సర్వరూ తన భాగాన్ని తన డిస్క్‌పైనే రాసుకుంటుంది. సులువే. కానీ అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ ముక్కలన్నింటినీ ఏరి, వేరేచోటికి చేర్చాలి. చేర్చకపోతే సర్వర్ పోయిననాడు దాని బ్యాకప్ ముక్క కూడా దానితోనే పోతుంది.

ముక్కలైన డేటాతో ఇంకో పేచీ

డేటా మరీ పెద్దదైతే దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో సర్వర్ల గుంపుకు అప్పగిస్తారు. షార్డింగ్ అంటారు. చిట్‌ఫండ్ వాళ్లు జిల్లాకో పుస్తకం పెట్టుకున్నట్టు. గుంటూరు పుస్తకం నకలు రెండింటికి, వరంగల్ పుస్తకం నకలు రెండుంపావుకు తీస్తే.. ఆ పావుగంటలో అటూ ఇటూ మారిన డబ్బు మళ్లీ మాయం, లేదంటే రెట్టింపు. మొదట చెప్పుకున్న చిక్కే, ఇంకో రూపంలో వచ్చి కూర్చుంది.

అన్నింటికీ సరిగ్గా రెండింటికే తీద్దామంటే సర్వర్ల గడియారాలు కచ్చితంగా ఒకేలా ఉండవు. మోంగోడీబీలో అయితే ముందు ముక్కల మధ్య డేటాను సర్దే బ్యాలెన్సర్‌ను ఆపుతారు. సర్దుబాటు జరుగుతుండగా నకలు తీస్తే ఒకే డేటా రెండుచోట్లా పడే ప్రమాదముంది. కసాండ్రాలో స్నాప్‌షాట్ క్షణాల్లో అయిపోతుంది. అది ఒకసారి రాసిన ఫైల్‌ను మళ్లీ మార్చదు కాబట్టి, పాత ఫైళ్లకు ఇంకో లింకు పెడితే సరిపోతుంది. కానీ ఆ లింకులు అదే డిస్క్‌పై ఉంటాయి. డిస్క్ పోతే రెండూ పోతాయి.

డిస్క్ స్థాయిలో తీసే స్నాప్‌షాట్ల గురించి కూడా ఒక మాట. కరెంటు పోయిన క్షణంలో డిస్క్ ఎలా ఉంటుందో అలాంటి ఫొటో అది. డేటాబేస్‌కు కరెంటు పోవడం కొత్తేం కాదు, లేవగానే చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. కాకపోతే డేటా ఒక డిస్క్‌పై, చిట్టా ఇంకో డిస్క్‌పై ఉంటే, రెండింటి ఫొటో ఒకే క్షణంలో తీయాలి. ఒకదాని తర్వాత ఒకటి తీస్తే రెండింటికీ పొంతన కుదరక డేటాబేస్ లేవకపోవచ్చు.

2017 జనవరి 31 రాత్రి ఏం జరిగింది?

ఇప్పటిదాకా చెప్పుకున్న జాగ్రత్తల్లో చాలావరకు కాగితం మీద ఉండి కూడా దెబ్బతిన్న సంస్థ గిట్‌ల్యాబ్. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు తమ కోడ్ దాచుకునే వేదిక అది. హైదరాబాద్, బెంగళూరు టెకీలకు పరిచయం అక్కర్లేని పేరు. జరిగిందంతా ఆ సంస్థే దాచకుండా బయటపెట్టింది కాబట్టి లోకానికి తెలిసింది.

అప్పట్లో వాళ్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒక ప్రధాన సర్వర్, దానికి తోడుగా ఒక నకలు సర్వర్ ఉండేవి. ఆ రోజు డేటాబేస్‌పై ఒత్తిడి బాగా పెరిగింది. అంతర్జాతీయ సమయం ప్రకారం రాత్రి 11 గంటల ప్రాంతంలో నకలు సర్వర్ వెనకబడిపోయింది. దానికి కావాల్సిన వాల్ ఫైళ్లు ప్రధాన సర్వర్‌లో అప్పటికే చెరిగిపోయాయి. వాటిని విడిగా దాచే ఏర్పాటు లేదు. చిట్టా పేజీలు చిరిగాయన్నమాట. ఇక ఒకటే దారి. నకలు సర్వర్‌లో ఉన్నదంతా తుడిచేసి, పీజీ బేస్‌బ్యాకప్‌తో మొదటి నుంచి నకలు తెచ్చుకోవడం.

ఇంజినీర్ ఆ పనే మొదలుపెట్టాడు. బేస్‌బ్యాకప్ ఏమీ చెప్పకుండా ఊరికే అలా నిలిచిపోయింది. నిజానికి ప్రధాన సర్వర్ డేటా పంపడం మొదలుపెట్టే దాకా అది అలా మౌనంగా ఎదురుచూడటం మామూలే. ఆ సంగతి అప్పుడు తెలియలేదు. పాత ప్రయత్నాల్లో మిగిలిన ఫైళ్లే అడ్డుపడుతున్నాయేమో అనుకుని, డేటా డైరెక్టరీని తీసేసే కమాండ్ ఇచ్చాడు. ఒకటి, రెండు సెకన్లకే తాను ఉన్నది నకలు సర్వర్‌లో కాదు, ప్రధాన సర్వర్‌లో అని గమనించి కమాండ్ ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 300 గిగాబైట్లకు పైగా ఉన్న డేటాలో మిగిలింది సుమారు 4.5 గిగాబైట్లు!

పొరపాటు ఎవరైనా చేస్తారు. రాత్రి పూట, ఒత్తిడిలో, ఒకేలా కనిపించే రెండు నల్లటి తెరల ముందు కూర్చున్నవాళ్లు ఇంకా త్వరగా చేస్తారు. అసలు షాక్ ఆ తర్వాత తగిలింది.

పీజీడంప్‌తో రోజూ బ్యాకప్ వెళ్లాల్సిన క్లౌడ్ స్టోరేజీ తెరిచి చూస్తే ఖాళీ. కారణం? డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ సాధనం మాత్రం 9.2. వెర్షన్లు కుదరక ప్రతిరోజూ బ్యాకప్ ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని మెయిల్స్ కూడా వెళ్తున్నాయి. కానీ ఆ మెయిల్స్‌కు సరైన ధ్రువీకరణ సంతకం లేకపోవడంతో, అందుకోవాల్సిన మెయిల్ సర్వరే వాటిని తిప్పికొట్టింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. అజ్యూర్ క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు ఆన్ చేశారు గానీ డేటాబేస్ సర్వర్లకు చేయలేదు. నకలు సర్వర్‌ను అంతకుముందే తుడిచేశారు. బ్యాకప్, రెప్లికేషన్ కలిపి ఐదు పద్ధతులుంటే, అనుకున్నట్టు పనిచేసింది ఒక్కటీ లేదని ఆ సంస్థే ఆ రోజు బహిరంగంగా చెప్పుకుంది.

చివరికి కాపాడింది అదృష్టమే. ప్రమాదానికి ఆరు గంటల ముందు ఓ ఇంజినీర్ వేరే పరీక్ష కోసం చేత్తో ఒక స్నాప్‌షాట్ తీసి, టెస్టింగ్ సర్వర్‌కు పంపాడు. అది లేకుంటే 24 గంటలకోసారి ఆటోమేటిక్‌గా తీసే పాత స్నాప్‌షాటే గతి. ఆ టెస్టింగ్ సర్వర్ డిస్కులు నెమ్మదివి కావడంతో డేటా వెనక్కి తేవడానికి చాలా గంటలు పట్టింది. ఆ పనిని సంస్థ యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. మర్నాడు సాయంత్రానికి సైట్ లేచింది. కోడ్ పోలేదు, అది వేరేచోట ఉంది. కానీ ఆరు గంటల పాటు డేటాబేస్‌లో చేరినవి తిరిగి రాలేదు. సుమారు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల కామెంట్లు, 700 కొత్త యూజర్ ఖాతాలపై ప్రభావం పడిందని సంస్థ లెక్క తేల్చింది.

ఎయిమ్స్ ఎలా బయటపడింది?

మన దేశంలోనే మరో ఘటన. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. ఓపీ రిజిస్ట్రేషన్లు, ల్యాబ్ రిపోర్టులు, అడ్మిషన్లు.. అన్నీ చేత్తో రాసుకోవాల్సిన పరిస్థితి. దేశం నలుమూలల నుంచి వచ్చిన రోగులు క్యూల్లో నిలబడ్డారు. సర్వర్లలోని ఫైళ్లను దాడి చేసినవాళ్లు తెరవలేని విధంగా మార్చేశారు. ఆ తర్వాత కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం, దాడి సోకని ఓ బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా మొత్తాన్ని వెనక్కి తెచ్చి కొత్త సర్వర్లలోకి ఎక్కించారు.

ఇక్కడ గమనించాల్సిన మాట 'దాడి సోకని'. క్లస్టర్‌లో ఎన్ని సర్వర్లున్నా అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో, ఒకే పాస్‌వర్డ్‌తో ఉంటే వైరస్ అన్నింటికీ పాకుతుంది. బ్యాకప్ కూడా అదే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటే దాన్నీ వదలదు. అందుకే ఒక ప్రతి వేరే ఊళ్లో, వేరే అధికారుల చేతిలో, కొన్నాళ్ల వరకు ఎవరూ చెరపలేని విధంగా ఉంచుతారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్‌లు కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కస్టమర్లకు రెండూ దక్కలేదు. ఇంకో చిన్న విషయం.. బ్యాకప్‌కు వేసిన ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని అదే క్లస్టర్‌లో దాచేవాళ్లూ ఉన్నారు. బీరువా తాళం బీరువాలోనే పెట్టి లాక్ చేసినట్టు!

ఆపకుండా తీయాలనుకుంటే.. ఆగిపోవచ్చు

బ్యాకప్ ఏర్పాట్లే సర్వీసును ముంచే సందర్భాలు కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టా 16 మెగాబైట్ల ముక్కలుగా నిండుతుంది. నిండిన ప్రతి ముక్కనూ బయటి స్టోరేజీకి పంపాలని చెప్పి ఉంచుతారు. ఆ స్టోరేజీ పాస్‌వర్డ్ గడువు ముగిసి, పంపడం ఆగిపోయిందనుకోండి. డేటాబేస్ ఆ ముక్కలను చెరపదు, చేరేదాకా తన దగ్గరే పేర్చుకుంటూ పోతుంది. డిస్క్ నిండగానే డేటాబేస్ ఆగిపోతుంది. వెనకబడిన నకలు సర్వర్ కోసం చిట్టాను అట్టిపెట్టే రెప్లికేషన్ స్లాట్‌తోనూ ఇదే ప్రమాదం. కాబట్టి డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో, చివరి చిట్టా ముక్క ఎప్పుడు బయటకు వెళ్లిందో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అర్ధరాత్రి లావాదేవీలు తక్కువ. 16 మెగాబైట్లు నిండడానికి గంట పట్టొచ్చు. ఆ గంటలోపు సర్వర్ పోతే, బయటకు వెళ్లని ఆ చిట్టా కూడా పోతుంది. అందుకే నిండినా నిండకపోయినా నిమిషానికోసారి పంపెయ్యమని గడువు పెట్టుకునే వీలుంది. లేదా రాసింది రాసినట్టే బయటి సర్వర్‌కు ప్రవాహంలా పంపొచ్చు. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అనేది టెక్నాలజీ ప్రశ్న కాదు, యాజమాన్యం తేల్చాల్సిన ప్రశ్న. ఫొటోల యాప్‌కు గంట పోతే సర్దుకోవచ్చు. బ్యాంకుకు సెకను కూడా కష్టమే.

కొన్ని సంస్థలు మరో ఉపాయం వాడుతున్నాయి. ఒక నకలు సర్వర్‌ను కావాలనే కొన్ని గంటలు వెనక నడిపిస్తాయి. ఎవరైనా పొరపాటున టేబుల్ తుడిచేస్తే, ఆ తప్పు అక్కడికి చేరేలోపే దాన్ని ఆపి డేటా తీసుకోవచ్చు. గిట్‌ల్యాబ్ కూడా ఆ దెబ్బ తర్వాత ఈ దారిలోకి వచ్చింది. టెరాబైట్ల బ్యాకప్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవడం కంటే ఇది చాలా త్వరగా అయిపోతుంది. కాకపోతే తప్పును ఆ గడువులోపే గుర్తించాలి. శుక్రవారం సాయంత్రం పోయిన టేబుల్‌ను సోమవారం ఉదయం గుర్తిస్తే ఈ సర్వర్ ఏమీ చేయలేదు.

ఎక్కించి చూశారా?

ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే మాట 'బ్యాకప్ రోజూ వెళ్తోంది సార్' అని. తక్కువగా వినిపించేది 'నిన్న ఎక్కించి చూశాం, ఇంతసేపు పట్టింది' అని. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి పీజీ వెరిఫైబ్యాకప్ అనే సాధనం వచ్చింది. ఫైళ్లన్నీ ఉన్నాయా, పాడయ్యాయా అని అది చూసి చెబుతుంది. అది సగం పనే. మిగతా సగం కోసం వేరే సర్వర్‌లో బ్యాకప్ నిజంగా ఎక్కించి, డేటాబేస్‌ను లేపి, నిన్నటి చివరి లావాదేవీ కనిపిస్తోందా, ఖాతాల మొత్తం సరిపోతోందా అని చూడాలి. గడియారం పెట్టుకుని మరీ చూడాలి. 2 టెరాబైట్లు వెనక్కి రావడానికి ఐదున్నర గంటలు, ఆపై రోజంతటి చిట్టా ఎక్కించడానికి ఇంకొన్ని గంటలు. కౌంటర్ ముందు క్యూ కట్టిన జనానికి చెప్పాల్సింది ఆ గంటల లెక్కే.

ఈ పరీక్షను జాగ్రత్తపరులైన సంస్థలు మనుషులకు వదలవు. ప్రతి రాత్రీ బ్యాకప్ తీశాక, తెల్లవారేలోపు దాన్ని ఓ ఖాళీ సర్వర్‌లో ఆటోమేటిక్‌గా ఎక్కించి, నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు సరిపోతేనే 'ఓకే' అని రాస్తాయి. జవాబు రాకపోయినా, అసలు మెసేజే రాకపోయినా డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగుతుంది. ఆ రెండోది ముఖ్యం. గిట్‌ల్యాబ్‌లో ఫెయిలైందన్న కబురు చేరలేదు కాబట్టి, అంతా బాగానే ఉందని అందరూ అనుకున్నారు.